చేప బొమ్మ నుంచి గీత దాకా

1961 మే 14, ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. నా కొలతల పుస్తకంలో మొదటి పంక్తి ఇది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, మా తమ్ముడు రఘుకు ఆరేళ్ళు. నీలం అట్ట, నలభై ఎనిమిది పేజీలు, రాసినవి పదకొండు. బీరువాలో చీరల కింద నుంచి తీసి అట్ట తెరిస్తే ఇప్పటికీ చేపనూనె వాసన వస్తుంది. రఘు చేతిలో చెంచా ఒలికి ఆరో పేజీ మీద పడ్డ మరక అది. కాగితం అక్కడ పసుపుపచ్చగా, వెలుతురుకు ఎత్తిపడితే అవతలి పేజీ అక్షరాలు కనిపించేంత పలచగా అయింది.

ఆ మరక కింద ఉన్న పంక్తి తప్పు. దాన్ని కొట్టెయ్యడానికి నాకు ఒకే ఒక్క కొలత కావాలి. ఆ కొలత ఉన్న రాయి ఈ జూలైలో సముద్రంలో కూలిపోయింది.

మేము నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయికి ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందు సన్నటి వరండా, నలుగురు కిరాయిదార్లకు కలిపి ఒక నల్లా. ఎండాకాలం అమ్మ మామిడికాయ తొక్కు పళ్ళెంలో ఎండబెట్టి పైన పలచని గుడ్డ కప్పేది. సాయంత్రానికి ఆ గుడ్డ మీద ఇంజన్ల బొగ్గు నలుసులు నల్ల జీలకర్ర చల్లినట్టు పడి ఉండేవి, అమ్మ దాన్ని నాలుగు మూలలా పట్టుకుని బయటికి తీసుకుపోయి దులిపేది. జనవరిలో నుమాయిష్ తెరిచినప్పుడు జెయింట్ వీల్ దీపాలు మా వరండాలోంచి సగం కనిపించేవి, మిగతా సగం ఎదురింటి గోడ వెనక తిరిగేవి. మా బాపు ఆబిడ్స్‌లో ఒక పెద్ద బట్టల దుకాణంలో గుడ్డ కొలిచే మనిషి. రోజూ నడిచి పోయేవాడు, నడిచి వచ్చేవాడు. ఆయన అంగీకి ఎప్పుడూ కొత్త తాను విప్పినప్పుడు వచ్చే గంజి వాసన ఉండేది. చేతిలో ఇనుప గజం తిరుగుతుంటే గుడ్డ దాని చుట్టూ నీళ్ళలా జారేది, ఆయన పెదవులు మాత్రం కదలకుండా లెక్క పెట్టేవి. గుడ్డ కురచ అవుతుంది, గజం కాదు అని మాకు చెప్పేవాడు. నాకు అంకెల మీద ప్రీతి ఆయన నుంచే వచ్చింది.

పిల్లల ఎత్తు ఇంటి గోడ మీద గీస్తే ఆ గీత దగ్గరే ఆగిపోతారని అమ్మ నమ్మకం. గీయాలన్నా వీలుకాదు, ఇంటి యజమానురాలు గోడ మీద దోమ చచ్చిన మరక కనిపించినా అమ్మను పిలిచి చూపించేది. ఆమె ఏడాదికోసారి వేయించే సున్నం ఎలాగూ అన్నిటినీ కప్పేసేది. అందుకని మా ఇద్దరి ఎత్తు ఏడాదికి ఒక్కసారి, నాలుగు వందల మైళ్ళకు పైగా దూరంలో, ఎవరిదీ కాని ఒక రాయి మీద కొలిచేవాళ్ళు.

అమ్మకు అక్క, మాకు పెద్దమ్మ. పెద్దనాన్న విశాఖపట్నం నుంచి భీమిలి పోయే దారిలో ఒక జాలరిపేటలో బడి హెడ్మాస్టరు. ఏటా మే నెలలో పదిహేను రోజులు అక్కడికి పోయేవాళ్ళం. నాంపల్లిలో బండెక్కి బెజవాడలో మారాలి. పరుపుచుట్ట, మట్టి కూజా, డబ్బాలో సకినాలు, పల్లి పొడి రాసి చుట్టిన జొన్నరొట్టెలు, వాటికి అరటాకులో కట్టిన చింతకాయ తొక్కు. బెజవాడ దాటాక గాలి మారేది. ఆ తర్వాత కిటికీ పట్టుకున్న చెయ్యి చప్పరిస్తే ఉప్పగా ఉండేదని రఘు అనేవాడు, నేను చప్పరించి చూసి బొగ్గు చేదు తప్ప ఏమీ లేదని చెప్పేదాన్ని. పెద్దమ్మ ఇంట్లో పొద్దున లేవగానే ముందు ఎండుచేపల వాసన, తర్వాత తాటాకు కప్పు వాసన, ఆ తర్వాత పనసపండు వాసన వచ్చేవి. పడుకున్నచోటు నుంచి లేవకుండానే ఇవాళ పనస కోశారో లేదో చెప్పగలిగేవాళ్ళం.

ఊరి నుంచి ఒకటిన్నర మైలు ఒడ్డు వెంట నడిస్తే ఆ రాయి. ఒడ్డున ఎర్రటి కొండ ఒకటి సముద్రంలోకి ముక్కు చాచి ఉండేది. ఆ ముక్కును అలలు అడుగున తొలిచి, మధ్యలో గుమ్మంలా ఖాళీ చేసి, పైన వంతెన మిగిల్చాయి. ఊళ్ళోవాళ్ళు చిల్లిరాయి అనేవాళ్ళు. మేము హైదరాబాదు వాళ్ళం, వంపు తిరిగిన ప్రతి గుమ్మమూ మాకు కమానే, అందుకని కమాను అన్నాం. ఒక కాలు ఒడ్డున, ఒక కాలు సముద్రం వైపు. పాటు మీద ఉన్నప్పుడు, అంటే నీళ్ళు వెనక్కి పోయినప్పుడు, రెండో కాలి దాకా తడి ఇసుక మీద నడిచిపోవచ్చు. లోపల నిలబడితే చల్లగా, కుండలోపలిలా ఉండేది. ఒక్క మాట అంటే మూడుసార్లు వినిపించేది. రాయి మెత్తన. గోటితో గీసినా ఎర్రటి పొడి రాలేది. ఎంత మెత్తనో అంత తొందరగా పోతుందన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

మొదటి ఏడు అక్కడ నిలబడి బాపు అన్నాడు, దీనికి సున్నం కొట్టేవాడు లేడు, దిష్టి పెట్టేవాడు లేడు, ఇక్కడ కొలుద్దాం అని. అమ్మ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది గానీ, ఆడపిల్ల అలల దగ్గరికి పోవద్దు అంది. అట్లా ఒడ్డువైపు కాలు నాదయింది, సముద్రం వైపు కాలు రఘుది అయింది. మేము మడమలు ఆనించి నిలబడితే బాపు నెత్తి మీద పలక పరిచి, దాని అంచున మేకు పెట్టి సుత్తితో కొట్టి జానెడు గీత చెక్కేవాడు. తర్వాత పాత గీతకూ కొత్త గీతకూ మధ్య గజం ఆనించి ఎన్ని అంగుళాలో చెప్పేవాడు, నేను రాసేదాన్ని. గుడ్డల మనిషి కదా, మొత్తం ఎంత అన్నది ఆయనకు పట్టలేదు, పోయినసారి కంటే ఎంత ఎక్కువ అన్నదే కావాలి. మా పుస్తకంలో మా అసలు ఎత్తు ఎక్కడా లేదు. పెరుగుదల మాత్రమే ఉంది. రెండు ఏళ్ళు రఘు పక్కన రెండుంపావు, రెండు అని పడ్డాయి.

1964 మే 17, ఆదివారం, ఉదయం ఏడు గంటల ఐదు నిమిషాలు. నాకు రెండు అంగుళాల పెరుగుదల. తర్వాత రఘు వంతు. బాపు పలక పరిచాడు, మేకు పెట్టబోయి ఆగాడు. పలక అంచు పోయినేటి గీతకు కింద ఉంది. తీసి మళ్ళీ పరిచాడు. "మడమలు ఆనించు. మెడ వంచకు," అన్నాడు. మూడోసారి పెద్దనాన్నను పిలిచి చూపించాడు. పలక కదల్లేదు. గీత చెక్కి గజం ఆనించి, కొంచెం గొంతు తగ్గించి, ఒకటుంపావు తక్కువ అన్నాడు. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను రాశాను: రఘు, తగ్గుదల ఒకటుంపావు అంగుళం. నా దస్తూరీ ఆ రోజు ముత్యాల్లా వచ్చింది.

"నేను తగ్గలే బాపు," అన్నాడు రఘు. "ఇసుక తగ్గింది."

బాపుకు ఆ మాట అర్థం కాలేదు. నేల ఎక్కడైనా తగ్గుతుందా? మేము పుట్టి పెరిగిన చోట నేల అంటే నల్లరాయి, దాని మీద ఇల్లు, ఇంటి మీద ఇల్లు. సముద్రం దగ్గర నేల ఏటా ఎక్కుతుంది, దిగుతుంది అని మాకెవరూ చెప్పలేదు, మేమెవరినీ అడగలేదు. నా కాలు ఒడ్డువైపుది, అక్కడ ఇసుక కదల్లేదు. నేను పెరిగి వాడు తగ్గడం చూశాక ఎవరికీ అనుమానం రాలేదు.

రఘు కూర్చుని రాయి అడుగు చూపించాడు. అక్కడ బొటనవేలంత చేప బొమ్మ చెక్కి ఉంది. "పోయినేడు చెక్కిన. ఇసుక మీద ఈదుతున్నట్టు చెక్కిన. జూడు, ఇప్పుడు గాల్ల ఉంది." నిజమే, బొమ్మకూ ఇసుకకూ మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉంది.

బాపు నా వైపు చూశాడు. ఏదైనా తేల్చుకోవాలంటే అప్పటికే ఆయన నా వైపు చూసేవాడు.

"అబద్ధం బాపు," అన్నాను. "ఇప్పుడే చెక్కిండు. నేను చూసిన."

బాపు చెయ్యి లేచింది. కమాను లోపల ఆ దెబ్బ మూడుసార్లు వినిపించింది.

నేను చూసింది వాడి చేతిలో మేకును మాత్రమే. పలక పెట్టకముందు వాడు రాయి దగ్గర కూర్చుని మేకుతో ఆడుకుంటున్నాడు. అంతే చూశాను. మిగతాది నేనే కలుపుకున్నాను. నా జీవితంలో కొలవకుండా చెప్పిన మాట అదొక్కటే.

జూన్‌లో బాపు వాణ్ణి ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన పేరు రాయను. నిలబెట్టి కొలిచి, నాలుగు అడుగుల ఒకటిన్నర అంగుళం అని చీటీ రాశాడు. ఆ చీటీ ఇప్పటికీ పుస్తకంలోనే ఉంది. పోయినేడు ఎంత ఉన్నాడో ఆయనకు తెలియదు కాబట్టి పుస్తకం అడిగి చూశాడు. "గింత పద్ధతిగ ఎవరు రాసిన్రు?" అన్నాడు. మా బిడ్డ అని బాపు చెప్పాడు. డాక్టరు నా తల నిమిరాడు. అంత పద్ధతిగా రాసినదాన్ని ఆయన నమ్మాడు. ఎముకల జబ్బు అన్నాడు. రోజుకు రెండు చెంచాల చేపనూనె, పరుగు లేదు, మెట్లు లేవు, ఏడాది బడి వద్దు.

ఆ ఏడాది నాకు ఇవాళ్టికీ నెలనెలా చెప్పగలిగేంత గుర్తు. వానాకాలం రఘు వరండాలో చాప మీద కూర్చుని గల్లీ పిల్లల చిర్రగోనె ఆట చూసేవాడు. కర్రతో కొట్టిన చిర్ర ముక్క ఎగిరి వచ్చి వరండాలో పడితే లేవకుండా, కూర్చునే విసిరేవాడు. "ఏందిరా రఘూ, వచ్చే ఏడు నిన్ను జేబుల ఏసుకొని తిరగాల్నా?" అని ఎదురింటి పిల్లలు నవ్వేవాళ్ళు. వాడు కూడా నవ్వేవాడు. సద్దుల బతుకమ్మ నాడు అమ్మ రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి మా అందరికీ ఒకటి, వాడికి మూడు పెట్టింది. జనవరిలో నాంపల్లి మిద్దెల మీద పతంగులు లేచినప్పుడు వాడు కింద వాకిట్లో దారం చుట్టిన చరఖా పట్టుకుని నిలబడితే, పైనుంచి దారం లాగేది ఇంకెవరో. పతంగి తెగితే దాని వెనక ఊరంతా ఉరికేది, వాడి చేతిలో చరఖా ఊరికే తిరిగేది. అన్నిటికంటే నన్ను ఇప్పుడు వేధించేది వాడి లాగులు. ఆ ఏడు అన్నీ మోకాళ్ళ పైకి పోయాయి. అమ్మ మడత విప్పి కిందికి దించింది, మళ్ళీ దించింది, ఇంక దించడానికి మడత లేకపోయింది. ఇదేందని బాపును అడిగితే గుడ్డను చేత్తో నలిపి చూసి, ఉతికితే కుంచించుకుపోయే రకం అన్నాడు. ముప్పై ఏళ్ళు గుడ్డను చూసిన మనిషి. నేను పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను.

1965లో జాలరిపేటకు పోలేదు. 1966 మే 15, ఆదివారం మళ్ళీ నిలబెట్టారు. ఇసుక తిరిగి వచ్చింది, చేప దాని కింద మునిగిపోయింది. రఘు కొత్త గీత పాత దానికి ఏడుంముప్పావు అంగుళాల పైన పడింది. రెండేళ్ళలో ఏడుంముప్పావు ఏ పిల్లవాడూ పెరగడు. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే నాకు ఆ రోజే తట్టవలసింది. బాపు గజం చేతిలో పట్టుకుని ఏడ్చాడు. మందు పనిచేసింది అని పుస్తకంలో తన చేత్తో రాశాడు. అందులో ఆయన అక్షరాలు ఆ రెండు మాటలే. రఘు అటు తిరిగి సముద్రం చూస్తున్నాడు. ఇసుక తవ్వి చేపను చూపిస్తాడేమో అని నేను భయపడ్డాను. తవ్వలేదు. వంగనైనా వంగలేదు.

1968 మేలో ఏడో గీత పడ్డాక పెద్దనాన్న రిటైరై ఊరు విడిచాడు, మా ప్రయాణాలు ఆగిపోయాయి. ఒక ఏడు వెనకబడ్డ రఘు తనకంటే చిన్నవాళ్ళ పక్కన బల్ల మీద కూర్చోలేకపోయాడు. పదో తరగతి రెండుసార్లు తప్పి, బాపు వెంట ఆబిడ్స్ దుకాణానికి పోయాడు. నలభై ఒక్క ఏళ్ళు గుడ్డ కొలిచాడు. ప్రతి తునకకూ బొటనవేలంత ఎక్కువ వదిలి కత్తిరించేవాడు. యజమాని ఎన్నిసార్లు మందలించినా, కురచ అయిందన్న మాట నాకొద్దు సేఠ్ అనేవాడట. నేను బి.ఎస్సీ. చదివి, బషీర్‌బాగ్‌లో ఒక బడిలో ముప్పై ఐదేళ్ళు లెక్కలు చెప్పాను.

1991 ఫిబ్రవరి 10, ఆదివారం. తోటి ఉపాధ్యాయురాలి కొడుకు పెళ్ళికి విశాఖపట్నం పోయి, పొద్దున్నే ఒక్కదాన్నే ఆటో మాట్లాడుకుని కమాను దగ్గరికి పోయాను. మొదట గుర్తుపట్టలేదు. వంతెన సన్నబడింది. ఇసుక ఎంత దిగిందంటే, ఎదిగాక చిన్నదిగా కనిపించవలసిన గుమ్మం చిన్నప్పటికంటే ఎత్తుగా కనిపించింది. సముద్రం వైపు కాలి దగ్గరికి పోయాను. రఘు గీతలు నా తలపైన ఉన్నాయి. నా మోకాలి దగ్గర, తడిసి మెరుస్తూ, బొటనవేలంత చేప.

ఇసుక తగ్గుతుందని అప్పుడు నా కళ్ళతో చూశాను. అక్కడ వల బాగుచేసుకుంటున్న ముసలామెను అడిగాను, ఎప్పుడూ ఇంతేనా అని. "ఇసక ఒక్క తీరున ఉంటాదేటమ్మా? ఓ ఏడు పెడతాది, ఓ ఏడు అట్టుకుపోతాది. ఇప్పుడైతే అట్టుకుపోడమే గానీ పెట్టడం నేదు," అంది. ఇరవై ఏడేళ్ళ కింద ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు.

అయినా అది చూసినదే, కొలిచినది కాదు. తేల్చే కొలత ఒకటి ఉంది. చేపను చెక్కినది వాడు చెప్పినట్టు 1963లోనే అయితే, ఆ ఏటి ఇసుక ఆ చేప దగ్గర ఉంది. చేప నుంచి 1963 గీత దాకా ఎంత ఉంటే ఆ ఏడు రఘు అంత ఎత్తు. డాక్టరు చీటీలో 1964 ఎత్తు నలభై తొమ్మిదిన్నర అంగుళాలు. రాయి మీద నలభై ఏడున్నర వస్తే వాడు రెండు అంగుళాలు పెరిగాడు, వాడు చెప్పింది నిజం. యాభైముప్పావు వస్తే నా పుస్తకం నిజం. చెయ్యి చాస్తే రెండూ అందుతాయి. నా దగ్గర టేపు లేదు. చీర చెంగు ఉంది, దారం ఉంది, ముసలామె వల తాడు ఉంది. చెంగుతో కొలిచినది కొలత కాదు అనుకున్నాను. టేపుతో మళ్ళీ వద్దాం అనుకుని వచ్చేశాను.

తిరిగి వచ్చాక రఘుకు చెప్పాను. ఆబిడ్స్‌లో దుకాణం మెట్ల మీద నిలబడి విన్నాడు.

"మరి కొట్టేసినవా?" అన్నాడు.

"కొలవంది ఎట్ల కొట్టేస్త?"

"నువ్వు చూసినవ్ గదక్కా."

"చూసుడు వేరు, కొలుసుడు వేరు."

"అప్పుడు చూసుడే సరిపోయింది గద," అన్నాడు. కోపంగా అనలేదు. లోపల ఎవరో గిరాకీ పిలిస్తే పోయాడు.

వాడికి కావలసింది ఒక్కటే. బాపు బతికి ఉండగా ఆ పంక్తి మీద ఒక గీత పడాలి, బాపు దాన్ని చూడాలి. రుజువుతో చూపిద్దాం అన్నాను నేను. 1993లో టికెట్లు కొన్నాక అమ్మ నల్లా దగ్గర జారిపడి తుంటి విరిగింది. 1997 నవంబరులో బాపు పోయాడు. పోయే ముందు వారం కూడా చూడ్డానికి వచ్చినవాళ్ళకు, మావాడు చిన్నప్పుడు కుంచించుకుపోతుంటే చేపనూనెతో నిలబెట్టిన అని చెప్పుకున్నాడు. రఘు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఔ బాపు అన్నాడు. తర్వాత రెండు మూడేళ్ళకోసారి వాడు అడిగేవాడు, ఒక్కసారి పోయొద్దామా అక్కా అని. పరీక్షల కాలం, నా మోకాళ్ళ ఆపరేషను, వాడి కంటి ఆపరేషను. 2020లో టికెట్లు చేతిలో ఉండగా రైళ్ళు ఆగిపోయాయి. ఈ ఏడాది ఆగస్టు 3, ఆదివారానికి మళ్ళీ తీసుకున్నాం. రఘు కొత్త స్టీలు టేపు కొని, డబ్బా విప్పకుండా సంచిలో పెట్టుకున్నాడు.

జూలై 9, బుధవారం, సాయంత్రం నాలుగు గంటల పద్దెనిమిది నిమిషాలకు విశాఖపట్నంలో ఉన్న పెద్దమ్మ కూతురు వనజ ఫోనుకు ఒక ఫొటో పంపింది. ముందురోజు సముద్రం బాగా పోటెత్తిందట. వంతెన లేదు. సముద్రం వైపు కాలు లేదు, అది ఉన్నచోట ఎర్రటి నీళ్ళు, రెండు మూడు బండలు. ఒడ్డువైపు కాలు మాత్రం మొండిగా నిలబడి ఉంది. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. నా గీతలు ఏడూ ఉన్నాయి.

మర్నాడు పొద్దున కాచిగూడలో రఘు ఇంటికి పోయాను. వాడు వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చూస్తున్నాడు. ఫోను అందుకుని, అద్దాలు నుదుటి మీదికి ఎత్తి, చాలాసేపు చూశాడు. "నీ కాలు నిలిచిందక్కా," అన్నాడు. కోడలు చాయ్ తెచ్చి పెట్టింది. అది చల్లారిపోయింది.

డెబ్బై మూడేళ్ళ వయసులో నేను ఆ మాట చెప్పాను. ఆ రోజు వాడు చెక్కుతుంటే నేను చూడలేదని, చేతిలో మేకు మాత్రమే చూశానని.

"తెలుసక్కా," అన్నాడు. "ఆ రోజు నేను చెక్కలే గద. నువ్వెట్ల చూస్తవ్."

పుస్తకం సంచిలోంచి తీశాను, పెన్ను తీశాను. ఆరో పేజీ తెరిచాను, వరండాలో చేపనూనె వాసన వచ్చింది. రఘు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అరవై ఏళ్ళయినా ఆ వాసన వాడికి పడదు. కొట్టేస్తున్నా అన్నాను.

"ఒద్దు. ఉండనీ."

"తప్పు అని నాకు తెల్సు గదరా."

"కొలిచి కొట్టేస్తే తప్పని కొట్టేసినట్టు. ఇప్పుడు కొట్టేస్తే జాలితోని కొట్టేసినట్టుంటది. నాకు జాలి ఒద్దక్కా." వీపు మీద చెయ్యి వేసి చూసుకుంటూ నవ్వాడు. నడుం వంగి వాడు నిజంగానే తగ్గాడు, పోయిన నెల కాచిగూడ డాక్టరు కూడా అదే చెప్పాడట. "ఇప్పుడు రాస్కో కావాలంటే, తగ్గిండు అని. ఇప్పుడు రైటే."

నేను పెన్ను మూత పెట్టాను. టికెట్లు రద్దు చేశాను. డబ్బా విప్పని టేపు వాడి సంచిలోనే ఉంది.

పోయినవి: కమాను ఒకటి. దాని కింద రఘు నిలబడ్డ కాలు ఒకటి. ఆ కాలి మీద గీతలు ఏడు, చేప బొమ్మ ఒకటి. పిల్లవాడి చదువులో ఏడాది ఒకటి. మా బాపు బతికి ఉండగా వినవలసిన మాట ఒకటి. 1991 ఫిబ్రవరి 10 నుంచి ఈ జూలై 8 దాకా, నా చేతిలో ఉన్న ముప్పై నాలుగేళ్ళ నాలుగు నెలల ఇరవై ఎనిమిది రోజులు.